పీపాలో పెట్రోల్ ఒక్కటే రాదు

అలిపిరి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో పోతుంటే ఒకచోట జియలాజికల్ సర్వే వాళ్ల బోర్డు కనబడుతుంది. బస్సులో గోవింద నామాల మధ్య దాన్ని చదివేవాళ్లు తక్కువే. కొండను కోసిన చోట బయటపడ్డ రాతి గోడ అది. కింద గ్రానైటు, వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. దాని మీద నగరి క్వార్ట్‌జైటు, దాదాపు 160 కోట్ల ఏళ్లది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి. కానీ ఆనుకున్న ఆ గీత దగ్గర 80 కోట్ల ఏళ్లకు పైబడిన భూమి చరిత్ర రాయి రూపంలో మిగల్లేదు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అని పేరున్న ఈ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు.

అక్కడే చూపు కాస్త దించితే తార్రోడ్డు. తారు అనే మాట మనకు బొగ్గు నుంచి తారు తీసిన రోజుల్లో అలవాటైంది. ఇప్పుడు రోడ్లకు వేసేది బిట్యుమెన్. ముడి చమురును మరిగించి పైవన్నీ తీసుకున్నాక అడుగున మిగిలే మడ్డి అది. గల్ఫ్ దేశాల చమురులో ఎక్కువ భాగం జురాసిక్, క్రెటేషియస్ కాలాల సముద్రాల్లో పుట్టింది. అంటే 20 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి సరుకు. మనకు అదే బోలెడంత పాతదిలా అనిపిస్తుంది గానీ, పక్కనున్న రాతిగోడ ముందు ఈ తారు నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల.

ముడి చమురు అనగానే పెట్రోల్ ధర గుర్తొస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి వేరే. పీపా కొన్నవాడు పెట్రోల్ ఒక్కటే ఇమ్మంటే కుదరదు. వంటగ్యాసు నుంచి తారు దాకా అన్నీ కలిసే వస్తాయి. అక్కర్లేని వాటికి కూడా ఏదో ఒక దారి చూపాల్సిందే. చమురు చరిత్రలో సగం ఈ దారులు వెతకడమే.

పుట్టుక దగ్గర ఒక అపోహ తీసేయాలి. చమురు డైనోసార్ల కొవ్వు కాదు. సముద్రంలో తేలే కంటికి కనిపించనంత చిన్న జీవులు, నాచు, ప్లాంక్టన్, చచ్చి అడుగుకు చేరినవి. మామూలుగా అయితే ఆక్సిజన్ తగిలి అవి కుళ్లిపోతాయి, ఏమీ మిగలదు. అడుగున నీరు కదలక, ఆక్సిజన్ అందని చోట మాత్రం బురదలో కలిసి నిలవ ఉంటాయి. ఆవకాయ జాడీలో ముక్కల పైన నూనె తేలేలా చూసుకునేది ఎందుకో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గాలి తగలకపోతే సరుకు చెడదు.

ఆ బురద మీద ఇంకా ఇంకా మట్టి పేరుకుంటూ పోతే అడుగుపొర లోతుకు దిగుతుంది. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ముందు కెరోజెన్ అనే గట్టి పదార్థం తయారవుతుంది. సుమారు 2 నుంచి 4 కిలోమీటర్ల లోతున, 60 నుంచి 120 డిగ్రీల వేడిలో అది నెమ్మదిగా విరిగి చమురు అవుతుంది. వేడి అంతకంటే తక్కువైతే ఉడకదు. ఎక్కువైతే చమురు దాటిపోయి గ్యాసు అవుతుంది. పొయ్యి మీద అన్నానికి ఉన్నట్టే దీనికీ ఒక పదును ఉంది. కాకపోతే ఇక్కడ ఉడకడానికి లక్షలు, కోట్ల ఏళ్లు పడుతుంది.

ఉడికిన చమురు పుట్టిన చోటే ఉండిపోదు. నీళ్లకన్నా తేలిక కాబట్టి రాళ్ల సందుల్లోంచి పైకి పాకుతుంది. పైన ఏ గట్టి పొరా అడ్డు రాకపోతే నేల మీదికి వచ్చి ఆవిరై పోతుంది. భూమిలో పుట్టిన చమురులో చాలావరకు అలా పోయిందే. అడ్డుపొర ఉన్న చోట మాత్రం దాని కింద ఇసుకరాయిలోనో సున్నపురాయిలోనో చేరి ఆగుతుంది. నేల కింద చమురు చెరువులు ఉంటాయనుకుంటారు గానీ, నీళ్లు పోసిన ఇటుకలో తడి ఎలా ఉంటుందో రాతి రంధ్రాల్లో చమురు అలా ఉంటుంది.

ఈ లెక్కన తిరుమల కొండల్లో బోరు వేస్తే చమురు పడే ఆశ లేదు. నగరి క్వార్ట్‌జైటు ఒకప్పటి ఇసుకే, కానీ గింజలన్నీ అతుక్కుపోయి చమురు చేరడానికి సందు మిగల్లేదు. అది పేరుకున్న కాలానికి జీవం అంటే సూక్ష్మజీవులే. ఈ కొండలు కూడా భాగమైన కడప బేసిన్‌లోని (పాతకాలపు ఒండ్రు పేరుకున్న పల్లం) వేంపల్లె రాళ్లలో ఆ జీవులు కట్టుకున్న పొరలు, స్ట్రోమటోలైట్లు, ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ బేసిన్ మంగంపేటలో ముగ్గురాయిని, తుమ్మలపల్లెలో యురేనియాన్ని ఇచ్చింది. చమురు వాటా గోదావరి, కృష్ణ డెల్టాలకు పోయింది. అక్కడ నదులు తెచ్చిన ఒండ్రు కిలోమీటర్ల మందాన కొత్తగా పేరుకుంది. రవ్వ చమురు క్షేత్రం, కేజీ (కృష్ణా-గోదావరి) డీ-6 గ్యాసు ఆ చలవే. 2024 జనవరిలో కేజీ లోతు సముద్రపు బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ మొదటి చమురు తీసింది. అయినా దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు మించి ఖర్చవుతోంది. బ్యారెల్ అంటే 159 లీటర్లు, కాబట్టి రోజుకు దాదాపు 80 కోట్ల లీటర్లు.

ఇడ్లీ పాత్రా, రిఫైనరీ స్తంభమూ

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వినప్పుడు మోటారు కార్లు లేవు. కావాల్సింది దీపాలకు నూనె. ముడి చమురును మరిగించి కిరసనాయిలు తీసుకునేవాళ్లు. దాంతోపాటు వచ్చే పెట్రోల్ పనికిమాలినది, ఊరికే అంటుకునే ప్రమాదకరమైన సరుకు. చాలాచోట్ల దాన్ని పారబోశారు. మన దేశంలో డిగ్బోయిలో 1889లో చమురు పడి, 1901లో రిఫైనరీ మొదలైనప్పుడు కూడా గిరాకీ కిరసనాయిలుకే. బుడ్డి దీపాలు, లాంతర్లు, తర్వాత పంపు స్టవ్వులు. కార్లు వచ్చాక కథ తిరగబడింది. పారబోసింది బంగారమైంది. కిరసనాయిలు పక్కకు జరిగింది.

రేషన్ షాపు ముందు డబ్బాల వరస ఇప్పుడు మన దగ్గర కనబడదు. అలాగని ఆ భాగం పీపాలోంచి మాయం కాలేదు. కాస్త శుభ్రం చేసి, మైనస్ 47 డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టకుండా చూసి విమానాల్లో పోస్తున్నారు. బుడ్డి దీపంలో వెలిగిన నూనె రేణిగుంట రన్‌వే మీదికి చేరింది, అంతే.

తిరుపతికి దగ్గర్లో ఉన్న పెద్ద రిఫైనరీ చెన్నై పక్కన మణలిలోది. 1965లో పెట్టిన సంస్థ, ఏడాదికి కోటి టన్నులకు పైగా శుద్ధి చేయగలదు. మన రాష్ట్రంలోది విశాఖపట్నంలో, 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టగా ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఉంది. రెంటిలోనూ ముందు జరిగేది ఒకటే. ముడి చమురును నీళ్లతో కడిగి ఉప్పు తీసేస్తారు. లేకపోతే ఇనప గొట్టాలు తినేస్తుంది. తర్వాత కొలిమి గొట్టాల్లోంచి పంపి 350 డిగ్రీలకు పైగా వేడి చేసి, ఎత్తైన స్తంభంలోకి వదులుతారు.

ఆ స్తంభం లోపల ఏముంటుందో ఊహించుకోవడానికి ఇంట్లో ఇడ్లీ పాత్ర చాలు. రంధ్రాలున్న ప్లేట్లు ఒకదానిపై ఒకటి, కింది నుంచి పైకి ఆవిరి. తేడా ఎక్కడంటే, ఇడ్లీ పాత్రలో పై ప్లేటుకూ కింది ప్లేటుకూ వేడి ఒకటే, ఇడ్లీలన్నీ ఒకేసారి దిగుతాయి. స్తంభంలో పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది. ప్రతి ప్లేటు మీదా కాస్త ద్రవం నిలిచి ఉంటుంది, కింది ఆవిరి అందులోంచి బుడగలుగా పోతుంది. తన మరుగు స్థానం కన్నా చల్లగా ఉన్న ప్లేటు తగలగానే ఆ రకం అణువు ఆవిరి రూపం వదిలి అక్కడే దిగిపోతుంది. 3, 4 కార్బన్ల అణువులు ఎక్కడా దిగకుండా పైనుంచి బయటికొస్తాయి, వంటగ్యాసు. దాని కింద నాఫ్తా అనే తేలిక నూనె, పెట్రోల్ వరస. ఇంకా కింద కిరసనాయిలు. 250 నుంచి 350 డిగ్రీల దగ్గర డీజిల్. అడుగున దేనికీ లొంగని నల్లటి ముద్ద.

ఆ ముద్దను ఇంకా వేడి చేస్తే లాభం లేదు. మరిగేలోపే మాడి బొగ్గవుతుంది. అందుకని వేడి పెంచరు, ఒత్తిడి తగ్గిస్తారు. తిరుమల కొండ మీద నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గాలి ఒత్తిడి కింది ఊరికన్నా తక్కువ కాబట్టి. రిఫైనరీలో రెండో స్తంభం లోపలి గాలిని లాగేసి, ఒత్తిడిని ఏ కొండ మీదా లేనంతగా తగ్గించి, ముద్దలోంచి ఇంకొంత నూనె తీస్తారు. ఇంజిన్ ఆయిల్‌కు పునాది నూనె, మైనం ఇక్కడి నుంచే. అప్పటికీ మిగిలిందే తారు.

మరిగించడం వల్ల ఉన్న అణువులు విడిపోతాయే గానీ కొత్తవి పుట్టవు. పీపాలో బరువు చమురు ఎక్కువ, జనానికి కావాల్సింది తేలిక చమురు. ఈ పేచీని తీర్చేది క్రాకింగ్. 500 డిగ్రీల వేడిలో, సన్నటి పొడి లాంటి ఉత్ప్రేరకం తగిలించి పొడవాటి గొలుసు అణువులను ముక్కలు చేస్తారు. బరువు నూనెలోంచి పెట్రోల్, గ్యాసు పుట్టుకొస్తాయి. రిఫైనరీ పెట్టుబడిలో పెద్ద భాగం స్తంభానికి కాదు, ఇలాంటి మార్పిడి యంత్రాలకే పోతుంది. వీటితో వాటాలను కొంత అటూఇటూ జరపొచ్చు. మొత్తం పీపాను డీజిల్‌గా మార్చేయడం మాత్రం ఎవరివల్లా కాదు.

గంధకం సంగతి ఒక్క ముక్క. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించకూడదు. హైడ్రోజన్ పంపి దాన్ని లాగేస్తారు. అలా తీసిన గంధకంతో సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారుచేస్తారు. లెడ్ బ్యాటరీలో పోసేది ఆ యాసిడే.

బంకు దగ్గరా, సరిహద్దు దగ్గరా

పెట్రోల్ బంకులో ధర అంకెల పక్కన డెన్సిటీ అని ఇంకో అంకె రాసి ఉంటుంది. పెట్రోల్‌కు ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. డీజిల్‌కు 800 దాటుతుంది. స్తంభంలో ఏది ఏ ప్లేటు మీద దిగిందో ఆ అంకె చెప్పేస్తుంది. చిన్న అణువులు తేలిక, పెద్దవి బరువు. పెట్రోల్‌లో ఎవరైనా కిరసనాయిలు కలిపితే ఈ అంకె పెరుగుతుంది. ఫిల్టర్ పేపర్ పరీక్ష, 5 లీటర్ల కొలపాత్రతో కొలత అడిగే హక్కు ప్రతి కస్టమరుకూ ఉంది. వెనకాల హారన్లు మోగుతుంటే అడిగే ఓపిక ఎవరికుంది అన్నది వేరే మాట. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్న నమ్మకంలో పెద్దగా పస లేదు. ట్యాంకు భూమిలో ఉంటుంది, తిరుపతి మే నెల ఎండ అక్కడిదాకా అంత తొందరగా దిగదు.

ధర లెక్క చూద్దాం. బ్యారెల్ 70 డాలర్లు, డాలర్ 85 రూపాయలు అనుకుంటే 159 లీటర్లకు 5,950 రూపాయలు. లీటరు ముడి చమురు 37 రూపాయల చిల్లర పడుతుంది. బంకులో వంద దాటుతుంది. మధ్యలో శుద్ధి, రవాణా, డీలరు కమీషన్ ఉన్నా పెద్ద ముక్కలు రెండే. కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం వ్యాట్. పెట్రోల్, డీజిల్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు కాబట్టి ఎవరి వ్యాట్ వారిది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా పెట్రోల్‌పై 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకా రోడ్డు సెస్సు రూపాయి. దేశంలో పెట్రోల్ ప్రియంగా ఉండే రాష్ట్రాల్లో మనదొకటి.

ఈ సంగతి చిత్తూరు జిల్లావాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. పలమనేరు దాటి నంగిలి వైపు పోయే లారీ డ్రైవరు ఇవతల ట్యాంకు నింపడు. సరిహద్దు దాటి ఫుల్ కొట్టిస్తాడు. వందల లీటర్లు పట్టే ట్యాంకుకు లీటరుకు కొన్ని రూపాయల తేడా అంటే ఒక పూట భోజనం కాదు, కొన్ని రోజుల బత్తా. నగరి నుంచి తిరుత్తణి వైపు పోయేవాళ్లదీ అదే లెక్క. చమురు ఒకటే, రిఫైనరీ కూడా చాలాసార్లు ఒకటే. సరిహద్దుకు ఇవతలి బంకుకు మాత్రం బేరం లేదు. పన్ను పెంచితే ఆదాయం పెరుగుతుందన్న సూత్రం సరిహద్దు జిల్లాల్లో సగమే పనిచేస్తుంది.

మండించకుండా వాడేది

పీపాలో ఎక్కువ భాగం మంటకే పోతుంది. దేశంలో వాడే పెట్రోలియం సరుకుల్లో సుమారు ఐదింట రెండొంతులు డీజిలే. అయితే మంట పెట్టని భాగం ఎంత దూరం చొచ్చుకుపోయిందో పలమనేరు పక్కన ఒక టమోటా తోటలో నిలబడితే తెలుస్తుంది. మడి మీద పరిచిన మల్చింగ్ షీటు పాలిథీన్. దాని కింద డ్రిప్ లేటరల్ కూడా పాలిథీనే, నల్లగా ఉండడానికి కారణం అందులో కలిపిన కార్బన్ బ్లాక్. ఎండకు పైపు పెళుసుబారకుండా కాపాడేది అదే, దాన్ని తయారుచేసేదీ బరువు చమురు నుంచే. మొక్కను కట్టెకు కట్టిన దారం ప్లాస్టిక్. కాయ కోసి నింపే క్రేటు ప్లాస్టిక్. మార్కెట్టుకు పోయే బండికి డీజిల్. నాఫ్తానో గ్యాసునో 800 డిగ్రీలకు పైగా వేడి చేసి విరిస్తే వచ్చే ఇథిలీన్, ప్రొపిలీన్ అనే రెండు వాయువులే ఈ ప్లాస్టిక్‌లో చాలావాటికి మూలం. టమోటా ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసినప్పుడు పంట ఒక్కటే పోదు, వీటన్నిటికీ పెట్టిన డబ్బూ పోతుంది.

అదే నాఫ్తా క్రాకర్లో బ్యూటాడైన్ అని ఇంకోటి వస్తుంది. టైర్ల సింథటిక్ రబ్బరుకు అది కావాలి. సత్యవేడు వైపు చిన్నపండూరులో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. దాని ముడిసరుకులో చెట్టు రబ్బరు పోను మిగతాది చాలావరకు పీపాలోంచే. అదే తిరుపతి జిల్లాలో శ్రీహరికోట. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అందులో అల్యూమినియం పొడినీ ఆక్సిజన్ ఇచ్చే ఉప్పునూ కలిపి పట్టి ఉంచే జిగురు హెచ్‌టీపీబీ. అదీ బ్యూటాడైన్ నుంచి వచ్చేదే. సూళ్లూరుపేట నుంచి చూస్తే కనబడే ఆ నిప్పుగీతలో పాత సముద్రపు నాచు వాటా కొంత ఉందన్నమాట.

కర్పూరం కూడా పెట్రోలియం సరుకేనని కొందరు అనుకుంటారు. గుళ్లో వెలిగించే మామూలు కర్పూరం పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి తయారవుతుంది. అది ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు పీపా నుంచి బయటపడే మాట. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. ఘాట్ రోడ్డుకు అంతకంటే తగిన బండి లేదు. ఎక్కేటప్పుడు పొగ ఉండదు, దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. ఇవి తగ్గించేది డీజిల్‌ను. పెట్రోల్‌ను తగ్గించేది ఎథనాల్, ఇప్పుడు 20 శాతం దాకా కలుపుతున్నారు. లీటరు ఎథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో ఉన్నదానికి మూడింట రెండొంతులే. కాబట్టి మైలేజీ లెక్క ప్రకారం 6, 7 శాతం తగ్గాలి. ఇంజిన్‌ను దానికి తగ్గట్టు మార్చితే తేడా కొంత పూడుతుంది. చెరకు పండే చిత్తూరుకు ఇందులో వాటా దక్కాల్సిందే గానీ, ఇక్కడి చెరకు చాలావరకు బెల్లం గానుగకు పోతుంది. రసమంతా బాణలిలో బెల్లమైపోతే ఎథనాల్‌కు పనికొచ్చే మడ్డి మిగలదు. అది మిగిలేది చక్కెర మిల్లులో. చిత్తూరులోనూ, గాజులమండ్యంలోనూ సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడి ఏళ్లయింది.

ఎథనాల్‌తో పెట్రోల్ తగ్గినంత మాత్రాన పీపాలో పెట్రోల్ భాగం పుట్టడం మానదు. డీజిల్ కోసం కొన్న చమురులో అదీ వస్తుంది. మిగిలితే ఓడ ఎక్కించి అమ్మాలి. భారత్ ఇప్పటికే పెట్రోల్, డీజిల్ ఎగుమతి చేస్తోంది. వంటగ్యాసును మాత్రం సగానికి పైగా బయటి నుంచి తెస్తోంది, తారును కూడా దిగుమతి చేసుకుంటోంది. ముడి చమురు దిగుమతి ఎంత తగ్గిందని అడిగే ముందు, పీపాలో ఏ ముక్కకు గిరాకీ తగ్గింది, ఏది అలాగే ఉంది అని చూడాలి. కారు, బస్సు కరెంటుకు మారడం కళ్ల ముందే జరుగుతోంది. విమానం, ఓడ, పైపు, టైరు, రోడ్డు అంత సులువుగా మారవు.

రోడ్డు పైపొరలో బరువు లెక్కన తారు 5 శాతం చుట్టుపక్కలే. మిగిలిన 95 శాతం కంకర. ఈ ప్రాంతపు క్వారీల్లో పగలగొట్టేది ఎక్కువగా గ్రానైటే, ఘాట్ రోడ్డు బోర్డు దగ్గర గోడ అడుగున ఉన్నలాంటి రాయి. రోడ్డు వేసే రాత్రి 150 డిగ్రీల వేడి మీద కలిపిన ఆ ముద్దను టిప్పర్లు తెచ్చి పోస్తాయి. చల్లారకముందే పరిచి తొక్కాలి. రోలర్ ముందుకూ వెనక్కూ కదులుతుంటుంది, తారు అంటుకోకుండా దాని ఇనప చక్రం మీద నీళ్లు కారుతుంటాయి. కాసేపు తెల్లటి ఆవిరి లేస్తుంది. తెల్లారేసరికి పొర గట్టిపడుతుంది, మొదటి బస్సు దాని మీద చప్పుడు లేకుండా కొండెక్కుతుంది.